పెన్న ఒడ్డున రెండు నీలి చుక్కలు

కడప జిల్లాకు వెళ్లొచ్చానని చెప్పగానే మా బందరులో అందరూ అడిగిన మొదటి మాట ఒక్కటే: "గండికోట చూశావా?" చూడలేదు. జమ్మలమడుగు దాకా వెళ్లి, లాడ్జిలో గది తీసుకుని కూడా, ఆటో ఎక్కితే చేరగలిగే ఆ లోయ దగ్గరికి పోకుండానే తిరిగొచ్చాను. ఆ లోయ ఫొటోలు మీరు ఇప్పటికే బోలెడు చూసి ఉంటారు. నేను తీస్తే ఇంకొకటి పెరుగుతుంది, అంతే.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. పదకొండేళ్లుగా చిన్న కెమెరా ఒకటి భుజాన లేకుండా గడప దాటలేదు. అది ఒక ఆవు వల్ల మొదలైంది. ఒక వేసవి ఉదయం పాల ప్యాకెట్ కోసం వెళ్తుంటే, ఏటీఎం గదిలో ఏసీ గాలికి ఒక ఆవు కళ్లు మూసుకుని నిలబడి ఉంది. బయట నలుగురు మనుషులు, దాని పని అయ్యేదాకా ఆగుదామన్నట్టు, ఓపిగ్గా వరసలో నిలబడి ఉన్నారు. నా చేతిలో సంచీ తప్ప ఏమీ లేదు. ఆ రోజే అనుకున్నాను, ఇంకెప్పుడూ ఖాళీ చేతులతో బయటికి రాకూడదని. ఫోన్లో తీసుకోవచ్చు కదా అంటారు. ఫోన్ బయటికి తీస్తే నాకు అందులో మెసేజులు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్న మనిషి కనిపించడు.

ఈసారి వేసవి సెలవుల్లో, బీఈడీలో నా పక్క బెంచీలో కూర్చున్న రజియా ప్రొద్దుటూరు రమ్మని పిలిచింది. అక్కణ్నుంచి జమ్మలమడుగు, పులివెందుల చూసి వద్దామని బయల్దేరాను. మూడు రోజులు. చూడదగ్గ ప్రదేశాల పట్టిక ఏదీ రాసుకోలేదు.

ప్రొద్దుటూరు: మట్టి ఊడ్చే చోట

ప్రొద్దుటూరు అంటే బంగారం, బట్టలు. రజియా నిద్ర లేవకముందే నేను నగల అంగళ్ల వీధికి వెళ్లాను. షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. కంసాలుల చిన్న చిన్న గదుల ముందు ఒక ముసలామె కూర్చుని, కుంచెలాంటి చీపురుతో మెట్ల సందుల్లోని మట్టిని కొద్దికొద్దిగా ఊడ్చి రేకు డబ్బాలోకి ఎత్తుకుంటోంది. పసిపిల్ల ముఖం తుడిచినంత జాగ్రత్తగా ఊడుస్తోంది.

"ఏం తీస్తాండావమ్మా?" అంది తల ఎత్తకుండానే.

"మీరు ఊడుస్తుంటే తీస్తున్నానండీ. తీయొచ్చా?"

"మట్టి గదమ్మా ఇది. పదిగంటలకు రా, అంగళ్లు తెరుస్తారు. అద్దాల్లో నగలుంటాయి, శానా బాగుంటాయి."

"నాకు మట్టే కావాలి."

ఆమె అప్పుడు తలెత్తి నవ్వింది. "నాకూ అంతే."

ఆకురాయి పెట్టినప్పుడు రాలే బంగారు రజను కంసాలి కాళ్లకు అంటుకుని గడప బయటికి వస్తుందట. ఈమె ఆ మట్టిని ఇంటికి తీసుకెళ్లి, చిప్పలో పోసి, నీళ్లతో కడిగి కడిగి, చివరికి అడుగున మిగిలిన మెరుపును మళ్లీ అదే కంసాలికి అమ్ముతుంది. వాళ్లమ్మ కూడా ఈ మెట్లే ఊడ్చిందట. నేను తీసిన ఫొటోలో ఆమె చెయ్యి, డబ్బా, మెట్టు అంచు ఉన్నాయి. చూపిస్తే, "నా గాజులు బాగా పడినాయే" అని మురిసిపోయింది. అవి మట్టి గాజులు.

తిరిగొచ్చేటప్పుడు ఒక చిన్న హోటల్లో ఉగ్గాని తిన్నాను. మరమరాలను ఇక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్లలో తడిపి, గట్టిగా పిండేసి, పుట్నాల పొడి కలిపి తాలింపు పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీలు రెండు. అన్నీ కలిపి నలభై రూపాయలు. మా వైపు మరమరాలు పిల్లల చిరుతిండి, ఇక్కడ పెద్దవాళ్లు పొలం పనికి పోయే ముందు తినేది. రెండో బజ్జీకి నా కళ్లల్లోంచి నీళ్లు కారాయి. హోటలాయన నీళ్ల గ్లాసు పెడుతూ, "ఇది కారమా అమ్మా? ఊరికే రంగు" అన్నాడు.

ఆ రోజు నేను పడ్డ తిప్పలు కూడా చెప్పాలి. సాయంత్రం బట్టల వీధిలో, అంగళ్ల ముందు రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డ బొమ్మలను, వాటి చీరలను ఫొటో తీస్తున్నాను. ఉన్నట్టుండి ఒకాయన బొమ్మను నడుం పట్టుకుని లోపలికి ఈడ్చుకెళ్లాడు. ఆ పక్క అంగడివాడూ అంతే. నిమిషంలో వీధి పొడుగునా చీరలు కట్టుకున్న బొమ్మలన్నీ మగవాళ్ల చంకల్లో లోపలికి పరిగెత్తాయి. విషయం ఏమిటా అని నేను నోరు తెరుచుకుని నిలబడితే, ఒక పెద్దాయన దగ్గరికొచ్చి చాలా మర్యాదగా, "మునిసిపాలిటీ నుంచి వచ్చినారా మేడమ్? ఇప్పుడే తీసేస్తాండాం" అన్నాడు. నేను బడి పంతులమ్మనని చెప్పినా నమ్మలేదు. చివరికి రజియా వచ్చి ఉర్దూలో ఏదో చెప్పాక అందరూ నవ్వి, బొమ్మల్ని మళ్లీ ఎత్తుకొచ్చి రోడ్డు మీద నిలబెట్టారు. నాకు మంచి ఫొటో దొరికింది కానీ, కెమెరా పట్టుకున్న మనిషిని చూస్తే జనానికి ఒక్కోసారి భయం వేస్తుందని అక్కడే తెలిసింది.

జమ్మలమడుగు: పెన్నలో సంగటి

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సులో జమ్మలమడుగు చేరి, లాడ్జిలో సంచీ పడేసి, పెన్న వైపు ఆటో ఎక్కాను. ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి దగ్గర దిగాను. ఆ ఊరి పేరు ఇక్కడ చెప్పను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

కృష్ణ ఒడ్డున పెరిగినదాన్ని, ఏరంటే నాకు నీళ్లే. ఇక్కడ కనిపించింది ఇసుక, తుమ్మచెట్లు, పల్లాల్లో పచ్చగా గడ్డి. ఆ గడ్డిలో పద్దెనిమిది గొర్రెలు, వాటి మధ్య ఒక పొట్టేలు. కర్ర మీద గడ్డం ఆనించుకుని ఒక అరవై ఏళ్ల మనిషి. పేరు పుల్లయ్య.

"పుల్లయ్యగారూ, మీ ఫొటో ఒకటి తీసుకుంటాను" అన్నాను.

"గారా!" అని ఆయన గొర్రెల వైపు తిరిగి చెప్పాడు. "వింటాండారా? నేను గారంట."

పెద్ద కొమ్ములు, నల్ల ముఖం, తెల్ల ఒళ్లు ఉన్న ఆ పొట్టేలంటే ఆయనకు చాలా ఇష్టమని చూడగానే తెలిసింది. దాని మెడ కింద గోకుతూ, "ఇది నాది. దీన్ని కూడా తియ్యి" అన్నాడు. ఎండ ఇంకా ఏటవాలుగా ఉంది. పొట్టేలు పక్కకు తిరిగి నిలబడింది, ఆయన దాని మీద చెయ్యి వేసి నా వైపు చూశాడు. నాలుగు తీశాను. నాలుగోది నేను ఈ ఏడాది తీసినవాటిలోకెల్లా మంచిది.

ఆయన గుడ్డలో కట్టుకున్న సంగటి ముద్దను విప్పి, రెండు చేసి, సగం నాకిచ్చాడు. వద్దంటే ఒప్పుకోలేదు. ఊరిమిండి అనే శనక్కాయల పచ్చడి నంజుకుని తిన్నాం. సంగటిని నమలకూడదు, మింగాలి అని నాకు నేర్పి, నేను మింగలేక అవస్థ పడుతుంటే పడీపడీ నవ్వాడు.

అప్పుడే ఆయనకు ఫోన్ వచ్చింది. "ఎవరు? ... యాడ? ... ఈడికే వస్తాందా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాక మిగిలిన సంగటి తినలేదు. ఎండ ఎక్కుతోందని, మందను తోలుకుని ఊళ్లోకి వెళ్లిపోయాడు. సాయంత్రం వెలుగు బాగుంటుంది, మళ్లీ వస్తానని చెప్పాను. ఆయన విన్నట్టు లేదు.

పాల కేంద్రం దగ్గర

నేను తిరిగి వెళ్లేసరికి అయిదు దాటింది. ఆ ఊళ్లో సాయంత్రం అందరూ కలిసే చోటు పాల కేంద్రం. క్యాన్లు వరసలో పెట్టి, పాలు కొలిచేదాకా అరుగు మీద కూర్చుంటారు. ఆ రోజు క్యాన్ల పక్కన పొట్టేలు కూడా ఉంది. దాని తాడు పుల్లయ్య చేతిలో ఉంది. ఎదురుగా ఒక యాభై ఏళ్ల ఆడమనిషి, చెంగు నడుముకు దోపుకుని, గట్టిగా మాట్లాడుతోంది.

ఆమె పేరు నారాయణమ్మ. ఏటికి అవతల ఊరు. మొగుడు పోయాక మందను తనే కాచుకుంటోంది. పది రోజుల కింద వానలో పొట్టేలు తప్పిపోతే, ఊరూరూ తిరుగుతూ ఆ రోజు ఇక్కడికి వచ్చింది.

"ఇది నా పొట్టేలే. ఎడమ తొడమీద రెండు నీలి చుక్కలు పెట్టినా. నా మందలో అన్నిటికీ అదే గుర్తు" అంది.

అందరూ వంగి చూశారు. ఎడమ తొడమీద అరచేయంత మేర వెంట్రుకలు చర్మం దాకా కత్తిరించి ఉన్నాయి. దాని మీద పసుపు.

"గోమార్లు పట్టి, రక్తం పీల్చి పుండయింది. కత్తిరించి పసుపు పెట్టినా. గొర్రెకు మందు పెట్టేది కూడా తప్పేనా?" అన్నాడు పుల్లయ్య.

నారాయణమ్మ పొట్టేలును పేరు పెట్టి పిలిచింది. దానికేం పట్టింది? క్యాను కింద కారిన పాలు నాకుతూ నిలబడింది. జనం నవ్వారు.

"నీది యాడ పోయిందో ఏమో. కనపడిందల్లా నాదే అంటే ఎట్టమ్మా?" అన్నాడు అరుగు మీద కూర్చున్న ఓబుళరెడ్డి. ఆ ఊళ్లో పెద్ద రైతు, మాట చెల్లే మనిషి. వెనక ఇంకెవరో, "ఊరికే పొట్టేలు కొట్టుకపోదామని వచ్చినట్టుంది" అన్నారు. ఆ మాటకు నారాయణమ్మ ముఖం నల్లబడింది. "నేను అబద్ధాలకోరునా?" అంది. ఎవరూ కాదనలేదు.

నేను జనం వెనక నిలబడి, కెమెరా వెనక తెరమీద పొద్దుటి నాలుగో ఫొటో తెరిచాను. పెద్దది చేశాను. ఎడమ తొడమీద, ఏటవాలు ఎండలో, వానకు వెలిసిపోయి ఉన్నా స్పష్టంగా, రెండు నీలి చుక్కలు. కత్తెర పడింది నేను వెళ్లిన తర్వాతే.

 పుల్లయ్య దగ్గరికి వెళ్లి, "ఒక్క నిమిషం ఇలా రండి" అన్నాను. నీళ్ల ట్యాంకు వెనకకు వచ్చాడు. తెర చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు.

"పొద్దున నా సంగటి తిన్యావు గదమ్మా" అన్నాడు. నన్ను దెప్పడానికి అన్నట్టు లేదు, ఏం మాట్లాడాలో తెలియక అన్నట్టుంది.

"తిన్నాను. అందుకే ముందు మీకే చూపిస్తున్నాను."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నలభై ఉండె నా మందలో. నీలినాలిక రోగమొచ్చి పద్దెనిమిది మిగిల్నాయి. పొట్టేలు కూడా పాయ. ఆ దినం వానలో ఇది దానంతట అదే వచ్చి నా మందలో దూరింది. దేవుడు పంపించినాడనుకున్యా." తువ్వాలు భుజాన వేసుకుని, "నలుగుర్లో చూపియ్యొద్దమ్మా. ఈ వయసులో దొంగ అనిపించుకోలేను. పొట్టేలు ఇచ్చేస్తా" అన్నాడు.

సరేనన్నాను. ఇంతకన్నా మంచి దారి ఉండదనిపించింది. ఆమె పొట్టేలు ఆమెకు వస్తుంది, ఈయన పరువు ఈయనకు ఉంటుంది.

పుల్లయ్య అరుగు దగ్గరికి వెళ్లి తాడు నారాయణమ్మ చేతిలో పెట్టాడు. "పోనీలే. మొగుడు లేని మనిషి, ఇంత ఏడుస్తాంది. తోలుకపోమ్మా. నేను ఎట్టో బతుకుతా" అన్నాడు.

జనం ఒక్కసారిగా మెత్తబడిపోయారు. "ఏం మనిషివి పుల్లయ్యా!" అన్నాడు ఓబుళరెడ్డి. ఎవరో ఆయనకు టీ తెప్పించారు. నారాయణమ్మ తాడు పట్టుకుని, అటూ ఇటూ చూసి, ఏటి వైపు నడిచింది. నేను తేలిక పడ్డ మనసుతో లాడ్జికి వెళ్లి హాయిగా నిద్రపోయాను. ఆ సంగతి ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

పులివెందుల బస్సులో

మూడో రోజు ఉదయం పులివెందుల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదలబోతుంటే నారాయణమ్మ ఎక్కి, నన్ను చూసి, సీట్లు చాలా ఖాళీగా ఉన్నా, వచ్చి నా పక్కనే కూర్చుంది. పులివెందులలో చెల్లెలికి కాలు విరిగిందట, చూసి సాయంత్రానికి వచ్చేస్తానని మందను పక్కింటివాళ్లకు అప్పజెప్పి బయల్దేరింది.

బస్సు ముద్దనూరు దాటింది. తర్వాత, "అక్కా, నిన్న ట్యాంకు ఎనక ఆయప్పకు ఏం చూపిచ్చినావు?" అంది.

పొద్దున సంగటి తిన్న దగ్గర్నుంచి అంతా చెప్పాను. కెమెరా తీసి చూపించాను. ఆమె తెరను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. చూపుడు వేలితో ఆ చుక్కల్ని తాకింది. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

"ఇది అందరి ముందర ఎందుకు చూపియ్యలేదు?"

"ఆయన ఇచ్చేస్తానన్నారు కదా. నలుగురిలో ఆయన పరువు ఎందుకు తీయడం అని..."

"మరి నా పరువు?"

ఆమె కెమెరాను నా ఒళ్లో పెట్టేసింది.

"నా పొట్టేల్ని నాకే దానమిచ్చినాడు ఆయప్ప. అందరూ ఆయప్పకు టీ ఇచ్చినారు. నన్ను అబద్ధాలకోరు అన్న మాట అట్టే ఉండిపాయ. రేపు నా మందలోంచి ఇంకొకటి తప్పిపోతే ఏ ఊరికి పోయి అడగాల నేను? 'ఆయమ్మా? ఏడ్చి పొట్టేలు తీసుకపోయింది, ఆయమ్మే గదా' అనరా?" గొంతు పెంచలేదు. కిటికీ బయటికి చూస్తూ అంది. "నీకు ఆయప్ప సంగటి పెట్టినాడంట గదా. నన్ను నువ్వు అప్పుడే చూసినావు. అంతే తేడా."

అవును, అంతే తేడా. సానుభూతి చూపించాననుకున్నాను. తీరా చూస్తే, అది ముందు పరిచయమైన మనిషి దగ్గరే ఆగిపోయింది.

బయట తోటలు మొదలయ్యాయి. అరటి, ఆ తర్వాత మేము బత్తాయి అనే చీనీ చెట్లు. ఇంకెప్పుడైనా అయితే కిటికీలోంచి పది ఫొటోలు తీసేదాన్ని. ఆ రోజు కెమెరా ఒళ్లోనే ఉంది.

"మధ్యాహ్నం మీతో పాటు వెనక్కి వస్తాను. అదే అరుగు దగ్గర, అదే మనుషుల ముందు చెబుతాను" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నిజంగా వస్తావా? చెప్పి పోవద్దు మళ్లా."

పులివెందుల: స్టూడియోలో

పులివెందుల గురించి రాయడానికి నా దగ్గర ఎక్కువ లేదు. చూడాలనుకున్న వీధులు చూడలేదు. నారాయణమ్మ చెల్లెలు అరటి గెలలు కోసి పెట్టెల్లో సర్దే షెడ్డులో పని చేస్తుంది. షెడ్డు పక్కనే ఇల్లు. కాలికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే కూతుర్ని కేకేసి ఓళిగలు తెప్పించింది. మేము బొబ్బట్లు అంటాం. మా వైపు అరచేయంత ఉంటాయి, ఇవి పళ్లెమంత ఉన్నాయి, మీద నెయ్యి ధారగా. రెండు తినేదాకా వదల్లేదు. షెడ్డులో ఆడవాళ్లు పచ్చి అరటి హస్తాలను నీళ్ల తొట్టిలో ముంచి తీస్తుంటే ఒకే ఒక్క ఫొటో తీశాను, అదీ అడిగి.

తర్వాత నారాయణమ్మా నేనూ బస్టాండు దగ్గర ఒక ఫొటో స్టూడియోకి వెళ్లాం. నాలుగో ఫొటో పెద్ద సైజు ప్రింటు కావాలన్నాను. స్టూడియో ఆయన కంప్యూటర్లో పుల్లయ్య ముఖం చూసి, గొంతు తగ్గించి, "ఎప్పుడు పోయినారు మేడమ్?" అన్నాడు.

"ఎవరు?"

"ఈ పెద్దాయన. పొట్టేలు తీసేసి ఎనక నీలం తెర పెడతా. దండ కూడా కంప్యూటర్లోనే వేస్తా, శానా బాగుంటాది."

నారాయణమ్మ పక్కున నవ్వింది. నేనామె నవ్వడం చూసింది అదే మొదటిసారి. "ఆయప్ప బాగానే ఉండాడు. పొట్టేలును మాత్రం తియ్యొద్దు నాయనా, కథంతా దాంతోనే ఉండేది" అంది. ప్రింటు వచ్చాక చుక్కలు తెరమీద కన్నా బాగా కనిపించాయి. స్టూడియో ఆయన మా కథంతా విని, ఆ చుక్కల చుట్టూ ఎర్ర గీత గీసివ్వనా అని అడిగాడు. నారాయణమ్మ వద్దంది. "గీత గీస్తే కంప్యూటర్లో పెట్టినారంటారు" అంది.

ప్రింటును కవర్లో పెట్టించి ఆమె తన సంచీలో దాచుకుంది. బస్సెక్కాక, "నువ్వే చెప్పాల. నేను చెప్తే నమ్మరు" అంది ఒక్కసారి. 

మళ్లీ పాల కేంద్రం

బడిలో ముప్ఫై ఏళ్లుగా పిల్లల ముందు నిలబడి మాట్లాడుతున్నాను. ఆ సాయంత్రం ఆ అరుగు ముందు మొదటి మాట కోసం వెతుక్కున్నాను. నిన్నటి మనుషులే. నారాయణమ్మను చూసి గుసగుసలు మొదలయ్యాయి. "మళ్లా ఏం పోయిందంట?" అని ఎవరో అన్నారు.

"నేను ఒక మాట చెప్పాలి" అన్నాను. "నిన్న పొద్దున నేను ఏట్లో ఒక ఫొటో తీశాను. సాయంత్రం ఇక్కడ గొడవ జరుగుతుంటే అది నా చేతిలోనే ఉంది. చూసి కూడా మీ ముందు చెప్పకుండా ఊరుకున్నాను. అది నా తప్పు."

"బయటి మనిషివి. ఊళ్లో సంగతులు నీకెందుకమ్మా?" అన్నాడు ఒకడు. నిన్న పొట్టేలు కొట్టుకుపోదామని వచ్చిందన్న గొంతు అదే.

"ఉండబ్బా, చెప్పనీ" అన్నాడు ఓబుళరెడ్డి.

నారాయణమ్మ కవరు ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ప్రింటును వెలుగుకు తిప్పి చూశాడు. పక్కవాళ్లు మీద పడి చూశారు.  సరిగ్గా అప్పుడే పుల్లయ్య తన బర్రె పాల క్యాను పట్టుకుని వచ్చాడు. నన్ను, నారాయణమ్మను, ఓబుళరెడ్డి చేతిలో ఉన్నదాన్ని చూశాడు. వెనక్కి తిరిగి పోతాడనుకున్నాను. పోలేదు. క్యాను వరసలో పెట్టి వచ్చాడు.

"ఏంది పుల్లయ్యా ఇది?" అన్నాడు ఓబుళరెడ్డి.

"ఆ చుక్కలు నేనే కత్తిరించినా" అన్నాడు పుల్లయ్య. గొంతు సన్నగా వచ్చింది. "పుండూ లేదు, గోమార్లూ లేవు. ఆయమ్మ చెప్పింది నిజం. నిన్న నేను దానమిచ్చినట్టు మాట్లాడినా సూడు, అది అన్నిటికన్నా తప్పు. దొంగతనం కన్నా తప్పు." నారాయణమ్మ వైపు తిరిగాడు. చేతులు జోడించబోయి, పాలు అంటి ఉన్నాయని పంచెకు తుడుచుకుని, మళ్లీ జోడించాడు. "తప్పయిపాయమ్మా."

ఓబుళరెడ్డి కళ్లజోడు తీశాడు. "మేమూ నోరు జారినాం. మనసులో పెట్టుకోవాక" అన్నాడు ఆమెతో. ఇంకో ఇద్దరు కూడా అదే అన్నారు. నిన్నటి గొంతు మాత్రం అప్పటికే క్యాను తీసుకుని మాయమైంది.

నారాయణమ్మ అందరి మాటలూ విని తల ఊపింది. కళ్లు తుడుచుకోలేదు, మెత్తబడలేదు. "నీ మందలో నీలినాలిక వచ్చిందంట గదా" అంది పుల్లయ్యతో. "ఎన్ని పోయినాయి?"

"ఇరవై రెండు."

"మా మందలో కూడా పోయినాయి, పోయినేడు. సూది మందు ఏపిచ్చినావా మిగిలినాటికి?"

"లేదు."

"ఏపిచ్చు ముందు. మా ఊరికి పశువుల డాక్టరు బేస్తవారం వస్తాడు, తోలుకరా." పోబోయి ఆగింది. "పొట్టేలు కావాలంటే నన్ను అడుగు. అడిగితే ఇయ్యనా నేను? పదిదినాలు నీ మందలో ఇడుస్తా, మళ్లా తోలుకపోతా. అడిగి తీసుకో."

 పుల్లయ్య తల వంచుకుని నిలబడ్డాడు.

ఓబుళరెడ్డి ప్రింటును ఆమెకు తిరిగి ఇవ్వబోయాడు. ఆమె దాన్ని తీసుకుని ఇంకోసారి చూసింది. పొద్దుటి ఎండలో పొట్టేలు మీద చెయ్యి వేసి, ముఖమంతా నవ్వుతో నిలబడ్డ మనిషి అందులో ఉన్నాడు. ఆమె దాన్ని పుల్లయ్యకు అందించింది.

"నాకెందుకప్పా ఇది? పటం నువ్వు పెట్టుకో. పొట్టేలు నా దొడ్లో ఉంది."

అరుగు మీద ఎవరో మొదట నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, చివరికి పుల్లయ్య కూడా. ఆయన ఫొటోను చొక్కా జేబులో పెట్టుకోబోయాడు. పట్టలేదు. మడవడానికి మనసు రాక, అలాగే చేతిలో పట్టుకుని, పాలు కొలిపించడానికి వరసలో నిలబడ్డాడు.

"ఆటో పోతాంది, రా అక్కా" అని నారాయణమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది.